మా కోడలు చెయ్యి తీయదు

మా కోడలు రోజంతా ముక్కూ మొహం తెలియనివాళ్ళకు చెప్పే మాట ఒకటుంది. "మీరు చెయ్యి తియ్యండి, నేను చూసుకుంటాను."

పొద్దున్న మొదలుపెడితే సాయంత్రం దాకా అదే పాట. మా ఇద్దరికీ మధ్య ఉన్నది ఒక్క గోడ. ముందు గదిలో కిటికీ పక్క బల్ల ఆమె ఆఫీసు, వెనక గదిలో మంచం నా సామ్రాజ్యం. గోడలకు చెవులుంటాయంటారు. మా గోడకు నోరు కూడా ఉంది. వినీ వినీ ఎంత అలవాటైపోయిందంటే, టీ గ్లాసు అందుకోబోతూ కూడా ఎవరో వద్దంటారేమోనని ఒక్క క్షణం ఆగుతాను.

ఆమెది ఫోన్లతో అవస్థ పడేవాళ్ళకు సాయం చేసే ఉద్యోగం. అక్షరాలు చిన్నవైపోయాయనీ, ఫొటోలు మాయమయ్యాయనీ, ఫోన్ మోగడం మానేసిందనీ జనం గోల పెడతారు. ఈమె వాళ్ళ చేత ఒక నంబరు చెప్పించుకుని కొడుతుంది. అంతే, వాళ్ళ ఫోన్ తెర ఉన్నదున్నట్టుగా ఈమె కంప్యూటర్లోకి వచ్చి కూర్చుంటుంది. ఇక్కడ ఈమె మౌస్ నొక్కితే అక్కడ వాళ్ళ ఫోన్ మీద వేలు పెట్టినట్టే. చిక్కల్లా ఎక్కడంటే, అవతలివాళ్ళు ఊరుకోరు. ఈమె ఒకటి నొక్కేలోపు వాళ్ళు ఇంకోటి నొక్కుతారు. ఒక తెర మీద రెండు చేతులు పడితే ఏ పనీ తెమలదు. అందుకే ఆ మంత్రం.

ఉద్యోగంలో ఆమెకు మంచి పేరే ఉంది. పనితనమంతా వేగంలో ఉందని పైవాళ్ళు మెచ్చుకుంటారట. నా గొడవేమిటంటే, ఆ వేగం హెడ్‌సెట్‌తో పాటు బల్ల మీద ఆగదు, ఇల్లంతా తిరుగుతుంది. మావాడు బట్టలు మడత పెడుతుంటే "మీరు చెయ్యి తియ్యండి" అని లాక్కుంటుంది. మా ఆవిడ కూరగాయలు తరుగుతుంటే "చెయ్యి తియ్యండి అత్తయ్యా" అని కత్తిపీట ముందు తాను కూర్చుంటుంది. ఎదుటివాడి చెయ్యి నెమ్మదిగా కదలడం ఆమె చూసి ఓర్చుకోలేదు. కళ్ళకు పొగ పట్టినట్టు అయిపోతుంది పాపం.

"ఆలస్యం అమృతం విషం మామయ్యా" అంటుంది.

"నిదానమే ప్రధానం అమ్మా" అంటాను.

"అది మీ కాలంలో" అంటుంది, అప్పటికే నా చేతిలోని దువ్వెన తీసుకుని నా తల దువ్వడం మొదలుపెట్టి.

మంచి పిల్ల. అసలు చిక్కు అదే. చెడ్డదైతే నాలుగు తిట్టి ఊరుకునేవాణ్ణి.

నేను బోర్డులు రాసేవాణ్ణి. దుకాణాల మీద, లారీల వెనక, బడిగోడల మీద. అక్షరాన్ని ఎవడైనా దిద్దుకుంటూ నేర్చుకోవచ్చు. గీత అలా కాదు. బారెడు గీతను కుంచె ఎత్తకుండా లాగాలంటే కుంచె వంక చూడకూడదు, గీత ఆగాల్సిన చోటు వంక చూడాలి. చూపు అక్కడ నిలిస్తే చెయ్యి తన దారి తాను వెతుక్కుంటుంది. స్కేలు పెట్టి గీసేవాళ్ళను చూసి నేను నవ్వేవాణ్ణి. అంత పొగరు ఉండేది.

ఒకనాటి ఉదయం పళ్ళు తోముకుంటుంటే బ్రష్షు జారి కిందపడింది. వంగి తీద్దామంటే చెయ్యి రాలేదు. ఆస్పత్రివాళ్ళు నా మాట కాపాడారు, నడక చాలావరకు కాపాడారు. కుడిచెయ్యి మాత్రం ఎవరిదో అన్నట్టు పక్కన వేలాడుతూ ఇంటికొచ్చింది. "తిట్టడానికి నోరుంది కదండీ, చాల్లెండి" అని మా ఆవిడ ఊరడించింది. ఆవిడ ఊరడింపులు అలాగే ఉంటాయి.

తర్వాత చేతులకు వ్యాయామం చేయించే కేంద్రంలో చేర్పించారు. అక్కడ కుర్చీలు తక్కువ, చేతులు ఎక్కువ. వరండా బెంచీల మీద ఎప్పుడూ ఎవరో తమ చేతిని ఒళ్ళో పసిబిడ్డలా పెట్టుకుని పిలుపు కోసం ఎదురుచూస్తుంటారు. వారంలో రెండు పూటలు అక్కడికి వెళ్తే చేతిని వంచి, చాపించి పంపుతారు, డాక్టరమ్మ పరీక్షగా చూసేది మాత్రం నెలకోసారే. మిగతా రోజుల్లో ఇంట్లో ఫోన్ మీద చేయాలి. డాక్టరమ్మ నా ఫోన్‌లో ఒక ఆట లాంటిది పెట్టింది. తెర మీద సన్నని బాట ఉంటుంది. ఎడమ చివర నల్ల చుక్క, కుడి చివర ఎర్ర చుక్క. నల్ల చుక్క మీద వేలు పెట్టి బాట దాటకుండా ఎర్ర చుక్క దాకా లాగాలి. వేలు జారితే గీత అక్కడే ఆగి కాసేపు చూస్తుంది, ఈలోపు మళ్ళీ అందుకోవచ్చు. చివర నూటికి ఇన్ని అని మార్కులు పడతాయి, అవి తిన్నగా డాక్టరమ్మకు చేరతాయి.

బారెడు గీతలు లాగినవాడికి బెత్తెడు బాట! మొదటిరోజు నాకు పన్నెండు వచ్చాయి. నూటికి.

ఆ ఫోన్‌తో నా తిప్పలు అన్నీ ఇన్నీ కావు. చచ్చుబడ్డ వేలు ఎక్కడ ఆనుతుందో నాకే తెలిసేది కాదు. ఒకసారి ఎవరికో ఫోన్ వెళ్ళిపోయింది, ఇంకోసారి తెర మొత్తం నల్లబడింది. పిలిచినప్పుడల్లా డ్యూటీ మధ్యలో లేచి రావడం కుదరక మా కోడలు ఒక ఉపాయం చేసింది. తన ఆఫీసులో వాడే సాఫ్ట్‌వేర్ లాంటిదే ఇంకొకటి నా ఫోన్‌లో వేసి, తన సొంత లాప్‌టాప్‌కు కలిపింది. ఆఫీసు కంప్యూటర్లో ఊరి జనం, పక్కన లాప్‌టాప్‌లో నేను. నా తెర పైభాగాన చిన్న చెయ్యి బొమ్మ ఒకటి వచ్చి కూర్చుంది. అవతల ఎవరో కలిసి ఉన్నారని గుర్తట. నాలుగు రోజులు దాన్ని చూసి చికాకుపడి, ఐదో రోజు నుంచి చూడటం మానేశాను.

ఇక నేను గీత మొదలుపెట్టగానే గోడ అవతల నుంచి ఆదేశాలు. "పైకి మామయ్యా, పైకి! అయ్యో, మరీ పైకి కాదు." వెంటనే గొంతు మార్చి, "మీకు కాదు సార్, మీరు చెయ్యి తియ్యండి."

"నీ పని నువ్వు చూసుకోవమ్మా" అని అరిచేవాణ్ణి. వేలు ఇంకా వంకర పోయేది.

పన్నెండు పద్నాలుగైంది, మళ్ళీ పదకొండైంది. డాక్టరమ్మ ఒకరోజు నా ఎదురుగా కూర్చుని, మా కోడలు వింటుండగానే చెప్పింది.

"పెద్దాయనా, ఇది శిక్ష అనుకోకండి. కదలిక వస్తున్న చేతుల్ని బయట కూర్చోబెట్టి, రాని చేతికి కుర్చీ అట్టే పెట్టలేను. ఈ నెలలో ఎంతో కొంత పెరగాలి. లేకపోతే మీ చోటు ఇంకొకరికి ఇవ్వాల్సి వస్తుంది."

దారంతా మా కోడలు మాట్లాడలేదు. ఆమె మాట్లాడకపోవడం అంత మంచి శకునం కాదని నాకు అప్పుడే తట్టి ఉండాల్సింది.

తర్వాతి వారం నా చేతికి ప్రాణం వచ్చింది.

అలా అనే అనుకున్నాను మరి. నల్ల చుక్క మీద వేలు పెట్టి లాగుతుంటే, ఎప్పుడూ జారిపోయే చోట గీత జారలేదు. కాస్త వణికి, సర్దుకుని, బాట మధ్యలోకి వచ్చి నడిచింది. ముప్ఫై ఒకటి. మర్నాడు నలభై దాటింది. ఆ తర్వాత ఒక గీత చూశాను, అబ్బ, దారం పట్టి కొట్టినట్టు తిన్నగా ఉంది! నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దాచుకోవడం నాకు చేతకాదు, తిరిగాయి. మా ఆవిడను కేక వేసి చూపించాను. ఆవిడ ఫోన్ పట్టుకెళ్ళి పక్కింటావిడకు చూపించి, "మా ఆయన గీత" అని చెప్పి వచ్చింది. మావాడు డ్యూటీ నుంచి రాగానే అదే కబురు. మూలన పడేసిన కుంచెల డబ్బా తెప్పించి మంచం పక్కన పెట్టించుకున్నాను. వెంట్రుకలు గట్టిపడ్డ కుంచెలు రెండు ఎడమచేత్తో పీకి పారేసి, మిగిలినవాటిని నూనెలో నానబెట్టమన్నాను.

"చూశారా మామయ్యా, వస్తుందని చెప్పలా!" అంది మా కోడలు గుమ్మంలో నిలబడి. నా వంక మాత్రం చూడలేదు. కుంచెల డబ్బా వంక చూసింది.

నెలాఖరుకు కేంద్రానికి వెళ్తే డాక్టరమ్మ మార్కులు చూసి మురిసిపోయింది. ఎనభై నాలుగు. "ఇంత తొందరగా ఎవరికీ రాలేదు పెద్దాయనా" అని చేతికి పెన్ను ఇచ్చింది. పెన్ను నా వేళ్ళ మధ్య ఒక క్షణం నిలిచి, బల్ల మీద పడి, దొర్లి, కిందపడింది. మళ్ళీ ఇచ్చింది. మళ్ళీ పడింది. డాక్టరమ్మ నుదురు చిట్లించింది. ఫోన్ వంక, పెన్ను వంక చూసింది.

"పట్టు వేరు, కదలిక వేరు లెండి. కదలిక వచ్చిందంటే పట్టు అదే వస్తుంది. ఇక మీరు ఇక్కడిదాకా రానక్కర్లేదు, ఇంట్లో చేసుకుంటే చాలు" అని నవ్వుతూ, బెంచీ మీద ఎదురుచూస్తున్న ఒకావిణ్ణి నా కుర్చీలోకి పిలిచింది.

కదలకపోతే పోతుందన్న కుర్చీ కదిలినందుకు పోయింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు ఉంది వ్యవహారం. మా కోడలి మొహంలో రక్తం లేదు. నేనేమో వెర్రివాడిలా, నా చెయ్యి బాగుపడ్డందుకు ఆమెకు ఆనందంతో మాట పెగలడం లేదనుకున్నాను.

పెన్ను పడిన చప్పుడు మాత్రం నా చెవిలోంచి పోలేదు.

మర్నాడు మధ్యాహ్నం గీత మొదలుపెట్టాను. బాట సగం దాటుతుంటే భుజం పీకింది. అబ్బా అని వేలు ఎత్తేశాను.

గీత ఆగలేదు.

నా వేలు గాలిలో ఉంది. తెర మీద గీత తనంతట తాను నెమ్మదిగా, తిన్నగా, బాట మధ్యలోంచి నడుచుకుంటూ వెళ్ళి ఎర్ర చుక్కను తాకింది. ఎనభై ఆరు అని మార్కులు పడ్డాయి, తెర నిండా బొమ్మ పూలు రాలాయి. గోడ అవతల మౌస్ టక్కుమని చప్పుడు చేసింది. ఆ వెంటే మా కోడలి గొంతు, తేనె పూసినట్టు: "మీరు చెయ్యి తియ్యండమ్మా, నేను చూసుకుంటాను."

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో ఆ వయసులో తెలిసింది నాకు. కర్ర కూడా అందుకోకుండా గోడ పట్టుకుని ముందు గదిలోకి వెళ్ళాను. ఆమె హెడ్‌సెట్‌లో ఉంది. ఆఫీసు తెర మీద ఎవరిదో ఫోన్, లాప్‌టాప్ మీద నాది, ఆ తిన్నని గీతతో సహా. ఒక చెయ్యి ఈ మౌస్ మీద, ఇంకో చెయ్యి ఆ మౌస్ మీద. అవతల మనిషి వింటోంది కాబట్టి నేను అరవకూడదు. మింగలేను, కక్కలేను. చివరికి కక్కేశాను.

"చెయ్యి తియ్యి!"

మా కోడలు ఉలిక్కిపడి రెండు చేతులూ ఎత్తేసింది. మైకులో మాత్రం, "అబ్బే, మీక్కాదమ్మా, మీరు తీసే ఉంచారు" అంది. ఇంకో సమయంలో అయితే పడీపడీ నవ్వేవాణ్ణి.

ఆ ఫోన్ అయ్యేదాకా నిలబడే ఉన్నాను. ఆమె హెడ్‌సెట్ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"డాక్టరమ్మ కుర్చీ ఇంకొకరికి ఇచ్చేస్తానంది కదా మామయ్యా. మీరేమో ఆ గీత దగ్గర అలా కొట్టుకుంటున్నారు. చూడలేకపోయాను. చివర్లో జారిపోతుంటే కొంచెం అందుకున్నాను, అంతే."

"చివర్లోనేనా?"

"తర్వాత్తర్వాత... మధ్యలో కూడా."

"నావి ఏవి అందులో?"

ఆమె లాప్‌టాప్ మూత మీద వేలితో ఏదో గీసింది.

"అది నా గీతే అనుకున్నానమ్మా" అన్నాను. ఇంకా చాలా అనాలనుకుని వచ్చాను. "పక్కింటావిడకు కూడా చూపించాం."

మా కోడలు ఏడ్చింది. నేను ఊరడించలేదు. ఒళ్ళు మండిపోతుంటే ఊరడింపులేమిటి? వెనక గదిలోకి వచ్చి, కుంచెల డబ్బాను కాలితో మంచం కిందకు తోసేశాను. మా ఆవిడ విషయం తెలుసుకుని ఇద్దరి మధ్యా రెండు రోజులు రాయబారాలు నడిపింది. "దాని ఓపికంతా ఆఫీసువాళ్ళకే సరిపోతోందండీ, మనకు మిగిలేది కంగారే. మీ మీద ప్రేమ లేక కాదు" అంది. ప్రేమ లేదని నేనెప్పుడన్నాను? ఆ ప్రేమే కదా నా నెల రోజులు తినేసింది. ఆ నెల వ్యాయామం చేసింది మౌస్ పట్టుకున్న ఆమె చెయ్యి. నాది ఊరికే షికారు చేసింది.

మూడో రోజు కోడలే వచ్చి నా చెప్పులు ముందు పెట్టింది. "రండి మామయ్యా, డాక్టరమ్మకు నేనే చెబుతాను."

చెప్పింది. తల వంచుకుని, ఏదీ దాచకుండా. డాక్టరమ్మ నా ముందు తన ఫోన్ పెట్టి గీయమంది. ఆ ఫోన్‌లోకి ఏ గోడ అవతలి చెయ్యీ రాదు. గీశాను. పదమూడు.

"మొదటిరోజు పన్నెండు" అంది డాక్టరమ్మ. తిట్టినా బాగుండేది. "ఆ కుర్చీ ఇచ్చేశాను పెద్దాయనా, ఆవిణ్ణి లేపలేను. వచ్చే నెలలో ఒకటి ఖాళీ అవుతుంది. ఈలోపు ఇంట్లో మీ వేలితో మీరు గీయండి. నాకు ఎనభైలు వద్దు. ఇరవై అయినా సరే, మీది కావాలి. చూసి పిలుస్తాను."

ఇంటికొచ్చాక నా ఫోన్‌లోంచి ఆ సాఫ్ట్‌వేర్ తీసి పారెయ్యమన్నాను. మా కోడలు తీయబోయి ఆగింది. "నేను డ్యూటీలో ఉండగా మీరు తెర నల్లగా చేసుకుంటే ఎలా మామయ్యా? చూడటానికి మాత్రమే ఉండేలా మారుస్తాను. నేను నొక్కినా ఏమీ కదలదు. ఒట్టు." ఏదో నొక్కింది. తెర పైన చెయ్యి బొమ్మ పోయి, దాని చోట కన్ను బొమ్మ వచ్చింది. ఒట్టు ఆమెది, నమ్మకం నాది కాదు. ఆ కన్ను వంక రోజంతా అనుమానంగా చూస్తూనే ఉన్నాను.

అసలు బాధ ఆ తర్వాత మొదలైంది. నల్ల చుక్క మీద వేలు పెట్టి లాగుతున్నాను. ఎప్పుడూ తడబడే చోటికి వచ్చేసరికి వేలు ఆగిపోతోంది. భుజం ఆపడం లేదు, నొప్పి ఆపడం లేదు. ఎవరో అందుకుంటారని ఆగుతోంది! నెల రోజుల్లో నా వేలు నేర్చుకున్న విద్య అదొక్కటే. దాన్ని చూసి నాకు మా కోడలి మీద కన్నా నా వేలి మీద ఎక్కువ మండింది. ఎవరి కోసం చూస్తున్నావే దరిద్రమా, అని పైకే తిట్టాను. పది, పదకొండు, తొమ్మిది. రోజులు అలాగే పోయాయి.

నెల సగం దాటిందేమో, ఒక మధ్యాహ్నం కిటికీలోంచి ఎండ తెర మీద పడి నా వేలు నాకే సరిగా కనిపించలేదు. బాట కూడా మసకగా ఉంది. ఎర్ర చుక్క ఒక్కటే కనిపిస్తోంది. విసుగొచ్చి, వేలి వంక చూడటం మానేసి ఆ చుక్క వంకే చూస్తూ లాగాను. వణికింది. బాట అంచు తాకింది. ఎప్పుడూ ఆగే చోట ఆగబోయింది. గోడ అవతల ఆ వేళకు ఫోన్లేమీ లేవు, అంతా నిశ్శబ్దంగా ఉంది. కుర్చీ కిర్రుమంది, అంతే.

"అమ్మాయ్, చూస్తున్నావా?" అన్నాను చూపు తిప్పకుండా.

"చెయ్యి తీసేశాను మామయ్యా. రెండూ ఒళ్ళోనే ఉన్నాయి."

"అయితే మాట్లాడకు. వంకర పోతోంది."

వంకర పోయింది. ఒకచోట బాట దాటి బయటికే వెళ్ళింది, మళ్ళీ లోపలికి వచ్చింది. ముసలివాడు బురదలో నడిచినట్టు నడిచి, ఎంతసేపటికో ఎర్ర చుక్కను తాకింది. పూలేమీ రాలలేదు. ఇరవై ఒకటి.

గోడ అవతల నుంచి ఇరవై ఒకటికి కనీసం అయ్యో అయినా అంటుందనుకున్నాను.

"ఏమమ్మా, చూశావా?"

"లేదు మామయ్యా" అంది. "చూస్తే చెయ్యి ఆగేలా లేదు. కళ్ళు మూసుకున్నాను."

తెర పైన కన్ను బొమ్మ మాత్రం అలాగే తెరుచుకుని ఉంది. నేను ఆ గీతను ఒకసారి చూసుకున్నాను. నా బతుకులో అంత వంకర గీత గీయలేదు.

"తెరువమ్మా" అన్నాను. "చివరిదాకా వెళ్ళింది."